ఊరి మధ్య గుట్ట ఉండి లాభమేంటి?

పానగల్లు_పోరడు:
మాది నల్లగొండ. ఊరి పేరులోనే కొండ ఉంది, ఒక పక్క లతీఫ్ సాహెబ్ గుట్ట, ఇంకో పక్క కాపురాల గుట్ట. మా కాలనీ వెనకున్న చిన్న గుట్టను మాత్రం మొరం కోసం సగం తవ్వేశారు, మొన్నటి వానకు బురదంతా మా గల్లీలోకే వచ్చింది. మొత్తం చదును చేస్తే ప్లాట్లకు రేటొస్తుందని మా బాబాయి అంటున్నాడు. అసలు గుట్ట ఉంటే మనకేంటి?

బండమీది_తొండ:
జవాబు నీ గల్లీలోనే ఉంది కదా తమ్ముడూ 😄 గుట్ట మీద గడ్డి, సీతాఫలం చెట్లు ఉంటే వాన నీళ్లు నిమ్మళంగా దిగి, బండల పగుళ్లలో కొంత ఇంకి, మిగతావి కుంటకు చేరతాయి. తవ్వితే ఒక్కసారే ఉరుకుతాయి. మన బోరు నీళ్లలో ఉండే ఫ్లోరైడ్ కూడా ఎక్కువగా ఈ గ్రానైట్ లోంచి వచ్చేదే, పైనుంచి వాన నీరు ఇంకితే కొంతైనా పలచబడుతుంది.

పాలమూరు_అక్క:
జూబ్లీహిల్స్ చూడండి, హిల్స్ పేరులోనే మిగిలాయి. మీ ఊరి మాస్టర్ ప్లాన్ (ఏ జాగా దేనికో చూపే ప్లాన్) ముసాయిదా వచ్చినప్పుడు గుట్టను ఖాళీ జాగా అని కాకుండా గుట్టగానే, కింద వాగు దారితో సహా చూపించమని అభ్యంతరం రాసివ్వండి. రసీదు మాత్రం మర్చిపోవద్దు.

పానగల్లు_పోరడు:
రాసిస్తా అక్కా. బాబాయికి ఎలా చెప్పాలన్నదే టెన్షన్.