మందులు మానేసిన తమ్ముణ్ణి మళ్లీ వైద్యం వైపు తీసుకురావడం ఎలా?

ప్రశ్న:
నమస్కారమండీ. మా తమ్ముడికి హెచ్‌ఐవీ ఉంది. కొన్నేళ్లు ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) సరిగ్గా వేసుకున్నాడు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) కూడా పరీక్షలో కనిపించనంతగా తగ్గింది. రాత్రి షిఫ్టులు మొదలయ్యాక ఏఆర్‌టీ సెంటర్‌లో ఒకసారి అపాయింట్‌మెంట్ తప్పింది. ఆలస్యంగా వెళ్తే అందరి ముందూ కేకలేశారట. అప్పట్నుంచి ఆ గడప తొక్కలేదు. ఆర్నెల్లు దాటింది. "బాగానే ఉన్నా కదా" అంటాడు, గట్టిగా అడిగితే ఫోన్ పెట్టేస్తాడు. పాత సీసాలో సగం మాత్రలు మిగిలాయి. కనీసం అవైనా వేసుకోమననా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1 (ఏఆర్‌టీ కౌన్సెలర్‌ని):
ముందు సీసా సంగతి. సొంతంగా మొదలుపెట్టనివ్వకండి. సగం సీసా అయిపోగానే మళ్లీ గ్యాప్ వస్తుంది. అలా ఆపుతూ వేస్తూ పోతే వైరస్ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉంది. ఇంకో కారణం కూడా ఉంది. చాన్నాళ్లు మానేసినవాళ్లలో సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) 200 కంటే కిందికి పడిపోయి, టీబీ గానీ మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ గానీ లోపల దాగి ఉండొచ్చు. ఆ మెదడు ఇన్ఫెక్షన్ ఉంటే ఏఆర్‌టీని కొన్ని వారాలు ఆపి, ముందు దానికి వైద్యం చేస్తారు. అందుకే తగ్గని తలనొప్పి, జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉన్నాయేమో అడగండి. వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించాలి. హెపటైటిస్ బి కూడా ఉంటే, మందులు ఆపినందుకు కాలేయం దెబ్బతినొచ్చు, కాబట్టి ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఇవేవీ లేకపోతే చాలామందికి వెళ్లిన రోజే మందులు తిరిగి మొదలవుతాయి.

"బాగానే ఉన్నా" అన్నది అబద్ధం కాదండీ. మందు ఆపిన కొద్ది వారాల్లోనే వైరస్ సాధారణంగా మళ్లీ పెరుగుతుంది, కానీ మనిషికి నెలల తరబడి ఏమీ తెలియకపోవచ్చు. కాబట్టి ఆరోగ్యం గురించి వాదించొద్దు. అతణ్ణి ఆపింది జబ్బు మీద నిర్లక్ష్యం కాదు, ఆ రోజు జరిగిన అవమానం. "ఎందుకు మానేశావు?" అని అడిగితే మళ్లీ అదే కౌంటర్ ముందు నిలబెట్టినట్టుంటుంది. "ఆ రోజు వాళ్లు చేసింది తప్పు. నేను తోడొస్తా, ఎప్పుడు వెళ్దాం?" అని చూడండి. అక్కడికే వెళ్లాలన్న రూల్ కూడా లేదు. వేరే సెంటర్‌కి బదిలీ అడగొచ్చు.

జవాబు 2:
నేను కూడా హెచ్‌ఐవీతో ఉన్నవాణ్ణే, మధ్యలో మానేసి తిరిగి వెళ్లినవాణ్ణే. నా సమస్య సీసా చప్పుడు. రూమ్‌లో నలుగురం ఉండేవాళ్లం, మూత తిప్పితే మాత్రలు గలగలమనేవి. ఇప్పుడు వారానికి సరిపడా చిన్న పెట్టెలో సర్దుకుంటాను, మిగతావి సీసాలోనే. మీ తమ్ముడికీ ఇలాంటి చిన్న అడ్డం ఏదో ఉండే ఉంటుంది, మెల్లిగా కనుక్కోండి. మెసేజ్ పెట్టేటప్పుడు మాత్రం మందు, హాస్పిటల్ అనే మాటలు రాయకండి, ఫోన్ పక్కవాళ్లకి కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మీరు చెప్పినట్టే మాట్లాడాను. ఈసారి ఫోన్ పెట్టలేదు. నేను వస్తే వస్తానన్నాడు, వేరే సెంటర్‌కే. అక్కడ ఏం చెప్పాలి? షిఫ్టుల గొడవ మళ్లీ వస్తుంది కదా?

జవాబు 1:
చాలా సంతోషమండీ. సెంటర్‌లో ఇచ్చిన పాత వైద్యం పుస్తకం, సీసా రెండూ పట్టుకెళ్లండి, ఏ మందు వాడాడో తెలుస్తుంది. ఎన్నాళ్లు మానేశాడో దాచకుండా చెప్పమనండి. ఆ లెక్క తప్పితే పరీక్షలు తప్పుదారి పడతాయి. మీరు లోపలికి రావాలా, బయట ఉండాలా అన్నది మాత్రం అతని ఇష్టం.

మాత్ర రాత్రే వేసుకోవాలని పట్టుబట్టకండి. డోలుటెగ్రావిర్ అనే హెచ్‌ఐవీ మందు ఉన్న మాత్ర అయితే రోజూ ఒకే వేళకు, డ్యూటీకి వెళ్లే ముందైనా వేసుకోవచ్చు. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న అసిడిటీ మందులు, ఐరన్, కాల్షియం మాత్రలు దాన్ని ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. వాటికి 2 గంటల ముందు గానీ 6 గంటల తర్వాత గానీ వేసుకోవాలి. వైరల్ లోడ్ మళ్లీ అదుపులోకి వచ్చాక 3 నుంచి 6 నెలల మందులు ఒకేసారి ఇవ్వమని అడగండి. చాలాచోట్ల ఇస్తారు. సెలవు పెట్టాల్సిన రోజులు అలా తగ్గుతాయి. మొదటి కొన్ని నెలలు మాత్రం తరచుగా రమ్మంటారు, ఆ తేదీలు షిఫ్టు లేని రోజుల్లో పడేలా మొదటి రోజే కౌన్సెలర్‌తో మాట్లాడుకోండి.