పాత కమాండ్‌లైన్ ప్రోగ్రామ్‌లో జపనీస్ టైపింగ్: లోపల పెట్టాలా, బయట వదిలెయ్యాలా?

నిషికసాయి_నాని:
అందరికీ నమస్కారం. 1990లలో సీ భాషలో రాసిన గోడౌన్ ప్రోగ్రామ్ ఒకటి నా నెత్తిన పడింది. నల్ల తెర, 24 వరుసలు, మౌస్ అంటే ఏంటో దానికి తెలీదు. ఇన్నాళ్లూ సరుకు కోడ్లే కొట్టేవాళ్లు. ఇప్పుడు ఖాతాదారుల పేర్లు కాంజీలో (చైనా నుంచి వచ్చిన జపనీస్ బొమ్మ అక్షరాల్లో) ఎక్కించాలంటున్నారు. టెర్మినల్లో మోజ్క్ (జపనీస్ టైపింగ్ సాధనం) ఆన్ చేసి ఒక పేరు కొడితే తెర నిండా చెత్త. తవ్వగా తేలిందేంటంటే, వచ్చిన ప్రతి బైటుకీ ఎనిమిదో బిట్ కోసేస్తోంది. రాసిన మహానుభావుడికి ఆస్కీ (ఏడు బిట్లలో ఇమిడే ఇంగ్లిష్ అక్షరాల పట్టిక) దాటి లోకం లేదు మరి.

ఆ కోత తీసేస్తే చాలని నా వాదన. రోమన్ అక్షరాలు కనాగా (జపనీస్ పలుకు అక్షరాలుగా), కనా కాంజీగా మారే తంతు అంతా బయటే జరగనీ, మనకి తయారైన అక్షరం చేతికొస్తే సరి. మా పక్క సీటాయన మాత్రం మార్పిడి ప్రోగ్రామ్ లోపలే ఉండాలని పట్టు. మీరేమంటారు?

సెగ్‌ఫాల్ట్_సుబ్బు:
బయటే. ఇందులో చర్చేముంది నాని గారూ? డబ్ల్యు-ఎన్-ఎన్ అనే మార్పిడి సర్వర్‌కి 1980లలోనే ‘యు-యు-ఎం’ అనే తోడు ప్రోగ్రామ్ ఉండేది. షెల్‌కీ (మనం కొట్టే ఆదేశాలు అందుకునే ప్రోగ్రామ్) టెర్మినల్‌కీ మధ్య దొంగ టెర్మినల్ ఒకటి తెరిచి కూర్చుంటుంది. తెర అడుగు వరుస తన సొంతం చేసుకుని, మీరు కొట్టే కనా, ఎంచుకోవాల్సిన కాంజీలు అన్నీ అక్కడే చూపిస్తుంది. మీరు ఎంటర్ కొట్టాకే అక్షరాలు లోపలి ప్రోగ్రామ్‌కి వెళ్తాయి. ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? ‘డబ్ల్యు-ఎన్-ఎన్’ని చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి కాగితం తలకిందులు చేయండి. ఇవాళ యుఐఎం-ఫెప్ అనే ప్రోగ్రామ్ చేసేదీ అదే పని. డాస్ రోజుల్లో ఏటాక్ అనే జపనీస్ మార్పిడి ప్రోగ్రామ్‌ని కాన్ఫిగ్ ఫైల్లో ఒకటి రెండు వరుసలు రాసి ఎక్కించుకునేవాళ్లు, ఏ ప్రోగ్రామ్‌నీ ముట్టుకోలేదు. ఒక్కదాన్ని సరిగ్గా రాస్తే వెయ్యింటికి పనికొస్తుంటే, వెయ్యింటినీ కోసి కుట్టడం ఎందుకండీ?

పాతచింతకాయ:
సుబ్బూ, చెప్పడానికి బానే ఉంది. అడుగు వరుస తను తీసుకుంటే లోపలి ప్రోగ్రామ్‌కి మిగిలేవి 23. నాని గారిది 24 అని కోడ్‌లోనే రాసిపెట్టిన రకం. దాని చివరి వరుస ఎక్కడికి పోతుంది?

జపాన్ వాళ్లు రెండు దారులూ తొక్కారు. 1987లో త్సుకుబాలోని ఎలక్ట్రోటెక్నికల్ లాబొరేటరీలో కెనిచి హాండా నీమ్యాక్స్ తెచ్చాడు, అంటే జపనీస్ నేర్చిన ఈమ్యాక్స్ ఎడిటర్. అందులో ‘తమాగో’ అనే భాగం లోపలే ఉంటూ డబ్ల్యు-ఎన్-ఎన్ సర్వర్‌తో మాట్లాడేది. గమనించాల్సింది ఇక్కడే. నిఘంటువు లోపల లేదు, అది సర్వర్‌లోనే ఉంది. లోపల ఉన్నది సంభాషణ మాత్రమే. అదే ఏడాది తోహోకు యూనివర్సిటీలో మసహికో సాతో ఎస్‌కేకే అనే మార్పిడి ప్రోగ్రామ్ రాశాడు. అదైతే వ్యాకరణం జోలికే పోదు. కాంజీ కావాల్సిన చోట పెద్ద అక్షరంతో మొదలెట్టి మీరే చెప్పాలి. లోపల పెట్టుకోవడానికి అంతకన్నా చిన్న పద్ధతి నాకు కనబడలేదు. మీ పక్క సీటాయన పిచ్చివాడేం కాదు.

సెగ్‌ఫాల్ట్_సుబ్బు:
నీమ్యాక్స్ కథలో మిగతా సగం కూడా చెప్పండి మరి. అది మ్యూల్ అనే బహుభాషల ఈమ్యాక్స్ అయ్యి, మ్యూల్ అసలు ఈమ్యాక్స్‌లో కలిసింది 1997లో, 20వ వెర్షన్‌తో. అంటే పదేళ్లు వేరు కాపురం! జపనీస్ కోసం అసలు ప్రోగ్రామ్ మీద కుట్టిన జేవిమ్, జేలెస్ లాంటి ప్యాచ్‌లదీ అదే గోస. అసలుది కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ సూదీ దారం పట్టుకోవాలి. నాని గారు కంపెనీ మారాక ఆ కుట్లు ఎవరు చూస్తారు?

వరంగల్_విమ్:
అన్నా, బయట బయట అంటున్నవ్ గానీ విమ్ ఎడిటర్‌ల నా తిప్పలు నీకెర్కనా? జపనీస్ కొట్టి ఎస్కేప్ నొక్కితే విమ్ మోడ్ మారుతది, బయటి ఐఎంఈ (మోజ్క్ అసొంటి టైపింగ్ సాధనం) మాత్రం ఆన్‌లనే ఉంటది. లైన్ తీసెయ్యాల్నని ‘డీడీ’ కొడ్తే, జంట హల్లు అనుకొని చిన్న ‘త్సు’ తెచ్చి పెడ్తది. బయటోడికి లోపల ఏం నడుస్తుందో తెల్వదు కదా.

తోకచుక్క:
మీరంతా ఎక్కించడం గురించే కొట్టుకుంటున్నారు, నా గొడవ చెరిపెయ్యడం దగ్గర. యూటీఎఫ్-8లో (ఇప్పుడు అందరూ వాడే అక్షరాల కోడింగ్) మామూలు కాంజీ ఒకటంటే అక్షరం 1, బైట్లు 3, తెర మీద గడులు 2. మూడు లెక్కలూ వేరు. పాత జపనీస్ కోడింగ్‌లైన ఈయూసీలోనూ, షిఫ్ట్-జిస్‌లోనూ కాంజీకి బైట్లు 2, గడులూ 2. అందుకే బైట్లు లెక్కపెట్టి కర్సర్ కదిపిన 1990ల ప్రోగ్రామ్‌లు అదృష్టవశాత్తూ బతికిపోయాయి (ఈయూసీలో సగం వెడల్పు కటకానా అనే కనా అక్షరాలు తప్ప, అది బైట్లు రెండున్నా ఒక్క గడే). యూటీఎఫ్-8 వచ్చాక ఆ అదృష్టం పోయింది.

కెర్నల్‌కి కూడా ఈ సంగతి చెప్పాల్సిందే. లినక్స్ 2.6.4 నుంచి ఐయూటీఎఫ్8 అనే మీట ఉంది. అది ఆఫ్‌లో పెట్టి, ‘క్యాట్’ నడిపి, కాంజీ ఒకటి కొట్టి బ్యాక్‌స్పేస్ నొక్కండి. మూడు బైట్లలో ఒకటే పోతుంది, మిగిలిన రెండూ అనాథలు. నాని గారిది రా మోడ్‌లో (కెర్నల్ సాయం లేకుండా మీటలు నేరుగా అందుకుని) తనే వరుస కట్టుకునే రకం కాబట్టి ఆ మీట కూడా కాపాడదు. ఎనిమిదో బిట్ కోత తీసేస్తే సరిపోతుందన్న మాట దగ్గరే నాకు భయం. పేరు కొట్టే చోట మీ పాత కోడ్ పక్కన పెట్టి రీడ్‌లైన్ (టైపు చేసిన వరుసని దిద్దే లైబ్రరీ) పెట్టండి. 2002లో వచ్చిన 4.3 నుంచి దానికి బహుబైట్ల అక్షరాలు తెలుసు.

ఇంకోటి. పాత డేటా షిఫ్ట్-జిస్‌లో ఏమైనా ఉందా? అందులో కటకానా ‘సో’ రెండో బైటు 5సి, అంటే బ్యాక్‌స్లాష్. ‘హ్యో’ కాంజీదీ అంతే. మీ సీ కోడ్ దాన్ని ప్రత్యేక గుర్తు అనుకుంటే తర్వాతి అక్షరాన్ని మింగేస్తుంది.

గోంగూర_404:
ఒక అమాయక ప్రశ్న. ఇదంతా మన తెలుగుకి ఏమైనా పనికొస్తుందా?

పాతచింతకాయ:
లినక్స్‌లో ఐబస్-ఎం17ఎన్ పెట్టుకుని తెలుగు కొడతావా తమ్ముడూ? ఆ ఎం17ఎన్ లైబ్రరీ మ్యూల్ చేసిన వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందే. తెలుగు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన లేఅవుట్లు అన్నీ అందులో ఉన్నాయి. కానీ టెర్మినల్లో మన కష్టం వేరు. ‘స్త్రీ’ కొట్టి చూడు. కోడ్‌లు 6, బైట్లు 18, లెక్క ప్రకారం గడులు 3, కంటికి కనబడేది ఒకే గుత్తి. కాంజీ ఎప్పుడూ రెండు గడులే, దానికి వాళ్లు అదృష్టవంతులు.

నిషికసాయి_నాని:
తోకచుక్క గారూ, మీరన్నట్టే చేశాను. ఎనిమిదో బిట్ కోత తీసేశాను, పేరు గడిలో రీడ్‌లైన్ పెట్టాను, మార్పిడి మోజ్క్‌కే వదిలేశాను. చెరపడం, కర్సర్ రెండూ కుదిరాయి. మా పక్క సీటాయన చూసి, మాట్లాడకుండా ఒక ప్రశ్న కాగితం మీద రాసిచ్చాడు: ‘ఫురిగానా ఎక్కడ?’

సెగ్‌ఫాల్ట్_సుబ్బు:
అంటే?

పాతచింతకాయ:
నేను దీని దగ్గరికే వస్తున్నా. కాంజీ పేరు చూసి ఎలా పలకాలో చెప్పలేం. నకతా, నకదా, రెండింటికీ అవే రెండు కాంజీలు. అందుకే జపాన్‌లో ఏ ఫారం తీసుకున్నా పేరు పక్కన ఫురిగానా (పలుకుని కనాలో రాసేది) గడి ఉంటుంది, పేర్ల జాబితా వరుస పెట్టేదీ దాన్ని బట్టే. కాంజీ కోడ్ వరుసలో పెడితే ఎవరి పేరు ఎక్కడుందో వాళ్లకే దొరకదు. ఆ పలుకు ఎవరికి తెలుసు? టైపు చేసిన మనిషికి, మార్పిడి చేసిన ప్రోగ్రామ్‌కి. సంభాషణ లోపల జరిగితే ‘నకదా’ అని కొట్టిన సంగతి ప్రోగ్రామ్ పట్టుకోగలదు. ఎక్సెల్‌లో ఫొనెటిక్ ఫంక్షన్ చేసేది ఇదే. బయట జరిగితే కాంజీ ఒక్కటే చేతికొస్తుంది, పలుకు గాల్లో కలిసిపోతుంది.

సెగ్‌ఫాల్ట్_సుబ్బు:
రెండో గడి పెట్టి ఫురిగానా మళ్లీ కొట్టించండి. కాగితం ఫారాల్లో రెండుసార్లు రాయట్లేదా వాళ్లు? దీనికోసం ఎస్‌కేకే తెచ్చి కడుపులో పెట్టుకుంటారా ఎవరైనా?

తోకచుక్క:
రోజుకి ఎన్ని పేర్లు ఎక్కిస్తారు నాని గారూ? పదైతే సుబ్బు గారి మాట వినండి.

నిషికసాయి_నాని:
రెండు వందల పైనే. ఎక్కించేది గోడౌన్‌లో ఉండే పెద్దావిడ, రెండు వేళ్లతో కొడుతుంది. రేపు ఆవిడ పక్కన కూర్చుని చూసొచ్చి రాస్తాను.