ఇంగ్లండ్ నటి బార్బరా స్టీల్‌ని చవక హారర్ సినిమాలు ముంచాయా, నిలబెట్టాయా?

పాతరీలు:
సూటిగా చెప్పేస్తా, ముంచాయి. 1960లో ఇటలీ దర్శకుడు మారియో బావా తీసిన హారర్ ‘బ్లాక్ సండే’లో మంత్రగత్తె, రాకుమారి రెండు వేషాలూ తనే వేసింది. ఆ కళ్లు చూశాక ఇటలీ నిర్మాతలు అవే సమాధులు, అవే కొవ్వొత్తులు పట్టుకుని వెంటపడ్డారు. 1963లో ఇటలీ పెద్ద దర్శకుడు ఫెలీనీ ‘ఎయిట్ అండ్ ఎ హాఫ్’లో చిన్న పాత్ర ఇచ్చాడు, అంతే, మళ్లీ దెయ్యాల కోటకే. అంత నటికి దక్కాల్సింది ఇదా?

సెకండ్‌షో:
ముంచడానికి ముందు ఒడ్డున ఏముందండీ? బ్రిటన్‌లో ర్యాంక్ సంస్థ, హాలీవుడ్‌లో ఫాక్స్ కాంట్రాక్టులు రాయించుకుని ఏం ఒరగబెట్టాయి? ఎల్విస్ ప్రెస్లీతో ‘ఫ్లేమింగ్ స్టార్’ చేతికొచ్చింది, అదీ చివరికి బార్బరా ఈడెన్‌కి పోయింది. పెద్ద స్టూడియోలకి ఆ ముఖంతో ఏం చేయాలో తెలియలేదు, బావాకి తెలిసింది.

పాతరీలు:
మరి హాలీవుడ్ నటి జేమీ లీ కర్టిస్? ఆమె మొదలైందీ హారర్‌తోనే, 1978లో ‘హాలోవీన్’, 3 లక్షల డాలర్ల పైచిలుకుతో తీసేసిన సినిమా. 1981 దాకా దాదాపు అన్నీ అరుపులూ పరుగులే. 1983లో ‘ట్రేడింగ్ ప్లేసెస్’ కామెడీతో బయటపడింది, 2023లో ఆస్కార్ కూడా అందుకుంది. స్టీల్‌కి ఆ దారి ఎవరూ చూపించలేదు.

సెకండ్‌షో:
జేమీ వాళ్లమ్మ జానెట్ లీ, నాన్న టోనీ కర్టిస్, ఇద్దరూ హాలీవుడ్ స్టార్లే. టాలెంట్ లేదనను, కానీ ఇంగ్లండ్ నుంచి ఒంటరిగా వచ్చిన అమ్మాయిని ఆమె పక్కన పెట్టి కొలిస్తే ఎలా బాస్?

మైకుముందు:
మీరిద్దరూ గొంతు సంగతి వదిలేశారు. అప్పట్లో ఇటలీలో మాటలన్నీ తర్వాత డబ్బింగ్‌లోనే పెట్టేవాళ్లు. ‘బ్లాక్ సండే’ ఇంగ్లీషు ప్రింట్‌లో వినపడేది స్టీల్ గొంతు కాదు, పుట్టింది ఇంగ్లండ్‌లో అయినా సరే! 1961లో రోజర్ కార్మన్ ‘ది పిట్ అండ్ ది పెండ్యులమ్’ అమెరికాలోనే తీశాడు, అక్కడా వేరేవాళ్ల గొంతే అతికించారు. మనిషి నటనలో సగం కోసేసి, ఆ మిగిలిన సగాన్ని చూపించి ‘ఆహా కళ్లతోనే నటించింది’ అని ఇన్నేళ్లుగా మెచ్చుకుంటూ ఉంటే నాకు ఒళ్లు మండుతుంది. అసలు నష్టం ఇక్కడ జరిగింది, బడ్జెట్‌లో కాదు.

సెకండ్‌షో:
మంచి పాయింట్. కానీ ఫెలీనీ కూడా మాటలు తర్వాతే పెట్టించేవాడు, కాబట్టి ఆ నేరం ఒక్క హారర్ నెత్తినే వేయలేం. ఇంకోటి, జోనథన్ డెమ్మీ 1974లో తొలి సినిమా ‘కేజ్డ్ హీట్’ తీస్తూ ఆమెనే పిలిచాడు, మరుసటేడు ‘షివర్స్’కి క్రోనెన్‌బర్గ్, 1978లో ‘పిరానా’కి జో డాంటే. అందరూ అప్పుడు కొత్తవాళ్లే. ఆ పాత హారర్ పేరు లేకపోతే వీళ్లు ఎందుకు పిలుస్తారు?

పాతరీలు:
పిలిచి ఏమిచ్చారు, సైడ్ క్యారెక్టర్లేగా! నటిగా చోటు లేకే టీవీ నిర్మాణంలోకి వెళ్లింది.

మైకుముందు:
ఆ నిర్మాణంలోనే ‘వార్ అండ్ రిమెంబరెన్స్’ సీరియల్‌కి 1989లో అమెరికా టీవీ అవార్డు ఎమ్మీ గెలిచింది. దాన్నీ ఓటమి ఖాతాలో రాసేస్తున్నారా?

సెకండ్‌షో:
సరే పాతరీలు గారూ, హారర్ తీసేస్తే ఆమెకి ఏం మిగలాలంటారు?

పాతరీలు:
‘ఎయిట్ అండ్ ఎ హాఫ్’ లాంటివి ఇంకో రెండు, అందులోనూ తన గొంతుతో. పెద్ద కోరికేం కాదుగా.