పీహెచ్‌డీ క్షేత్రపరిశీలన: ‘గత రెండు వారాలు’ అన్న ప్రశ్నతో ఇబ్బంది

ప్రశ్న – పరిశోధక విద్యార్థిని:
నమస్కారం. నేను క్లినికల్ సైకాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కౌలు రైతుల ఇళ్లలోని స్త్రీలలో డిప్రెషన్ నా అంశం. డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల స్కేలు పీహెచ్‌క్యూ-9 తెలుగు అనువాదంతో అనంతపురం జిల్లాలో ప్రయోగాత్మకంగా 12 మందిని కలిశాను. ‘గత రెండు వారాల్లో’ అని అడిగినప్పుడు ఒకావిడ కొంగు ముడి విప్పి, మళ్లీ వేసుకుని, ‘‘రెండు సంతల నుంచి నిద్దర లేదమ్మా, గుండెల మీద బండ పెట్టినట్టుంది’’ అన్నారు. స్కేలులో ఇచ్చిన జవాబుల్లో దానిని ‘కొన్ని రోజులు’ అనుకోవాలో, ‘సగానికి పైగా రోజులు’ అనుకోవాలో తేల్చుకోలేకపోయాను. ప్రామాణిక స్కేలును మార్చకూడదని మా గైడ్ గారు అంటున్నారు.

జవాబు 1:
మీ గైడ్ గారి మాట సరైనదే. ప్రశ్నలనో మార్కులనో మారిస్తే 0 నుంచి 27 వరకు ఉండే ఆ మొత్తాన్ని, డిప్రెషన్ ఉండవచ్చని చెప్పేందుకు 10 దగ్గర గీసే గీతను ఇతర అధ్యయనాలతో పోల్చలేరు. అయితే ప్రశ్న ఎలా అర్థమైందో అడిగి తెలుసుకోవడం స్కేలును మార్చడం కాదు. ప్రతి ప్రశ్న తర్వాత ‘‘మీకిది ఏమని అర్థమైంది?’’ అని కొద్దిమందిని అడిగి, ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. ఊరి సంత ఏ రోజో ముందే తెలుసుకొని, 14 రోజుల కిందటికి దగ్గరగా ఉన్న సంతను గుర్తుచేసి, ఈ వివరణను అందరికీ ఒకేలా చెప్పండి. గుండెల మీది బండ ఆ తొమ్మిది ప్రశ్నల్లో లేదు కనుక దానికి బలవంతంగా మార్కు వేయకుండా విడిగా నమోదు చేయండి. నా దృష్టిలో మీ సిద్ధాంత గ్రంథానికి అసలు బలం అదే అవుతుంది.

జవాబు 2:
అంతకంటే ముందు తొమ్మిదో ప్రశ్న సంగతి చూడండి. చనిపోతే మేలన్న ఆలోచన వస్తోందా అని అది అడుగుతుంది, పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉండే కుటుంబాలు అవి. అవునన్నవారికి వెంటనే సాయం అందించే ఏర్పాటు ఉండాలి. నా పరిశోధనలో ఆ ఏర్పాటు తర్వాత చూసుకోవచ్చనుకున్నాను. మొదటి వారంలోనే ఒకమ్మాయి అవునంది. నా దగ్గరున్న డాక్టరు నంబరు సాయంత్రం దాకా ఎవరూ ఎత్తలేదు, అంతసేపూ ఆమె పక్కనే గడపలో కూర్చున్నాను. ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరు తీసుకెళ్తారో పరిశోధనకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రంలోనే పేర్లతో రాయండి. 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416 ప్రతి ఇంట్లోనూ ఇచ్చి రండి.

విద్యార్థిని:
కృతజ్ఞతలు. అత్తగారు పక్కనే కూర్చుంటే ఆ ప్రశ్న ఎలా అడగాలి?

జవాబు 2:
అక్కడ అడగవద్దు. ఆ ఇంటర్వ్యూ ఆపి, అంగన్‌వాడీలోనో చేను గట్టునో ఆమె ఒంటరిగా ఉన్నప్పుడు మళ్లీ వెళ్లండి.