సొంతంగా విడుదల చేసే ఆల్బమ్‌లో తోటి కళాకారుల వాటాలు, హక్కులు ఎలా రాసుకోవాలి?

మంద్రస్థాయి (మారతహళ్ళి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా తెలుగు పాటలు స్వరపరుస్తుంటాను. సినిమాలతో గాని, ఆడియో కంపెనీలతో గాని సంబంధం లేకుండా ఏడు పాటల ఆల్బమ్‌ను నేనే విడుదల చేయాలనుకుంటున్నాను. ఇంతకుముందు ఒక్కొక్కటిగా వేసిన పాటలన్నీ ఇంట్లో గిటారు, కీబోర్డు పెట్టుకుని ఒంటరిగా చేసుకున్నవే కనుక ఎవరితోనూ లెక్కలు చూసుకునే అవసరం రాలేదు. ఈసారి పరిస్థితి వేరు.

నాలుగు పాటలకు సాహిత్యం అనంతపురంలో ఉండే మిత్రుడు రాశాడు. వీణ వాయించినవారు మల్లేశ్వరంలో పాఠాలు చెప్పే విదుషి. ఒక పాటలో పల్లవికీ చరణానికీ నడుమ నేను ఖాళీగా వదిలిన పదహారు తాళావర్తాలను ఆమె తన మనోధర్మంతో (అప్పటికప్పుడు కల్పించి) నింపారు. ముసాయిదా మిక్స్ విన్నవాళ్ళలో ఎవరు ఆ పాట గురించి మాట్లాడినా ముందు ఆ భాగం గురించే మాట్లాడుతున్నారు. మృదంగం, ఘటం వాయించిన కుర్రవాళ్ళు రోజుకు ఇంత అని పారితోషికం తీసుకున్నారు. మిక్సింగ్ చేస్తున్న స్నేహితుడు మాత్రం డబ్బు పుచ్చుకోకుండా, ‘ఏమైనా వస్తే అప్పుడు చూద్దాంలే’ అంటున్నాడు. మిగిలిన మూడింటిలో రెండు అన్నమయ్య కీర్తనలు, ఒకటి క్షేత్రయ్య పదం.

వీళ్ళలో ఎవరితోనూ కాగితం మీద ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు సంతకం అడిగితే నమ్మకం లేదనుకుంటారేమోనని మొహమాటంగా ఉంది. ఎవరికి ఏ హక్కు ఉంటుంది, ఎవరికి శాతం ఇవ్వాలి, ఎవరికి పారితోషికంతో సరిపెట్టవచ్చు, కీర్తనలకు అనుమతి తీసుకోవాలా అన్న విషయాలు తెలిసినవారు చెబితే మేలు చేసినవారవుతారు.

వ్యాలికావల్ వకీలు

మంద్రస్థాయి గారూ, మీ ప్రశ్నలో మూడు వేర్వేరు ఆస్తులు కలగాపులగంగా ఉన్నాయి. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం ఒక రచన, అది రాసినవారిది. బాణీ మరొక రచన. సంగీత రచనను నిర్వచించేటప్పుడు చట్టం అందులో మాటలను కలపదు కనుక అది స్వరకర్తది. ఈ రెండింటినీ పాడి, వాయించి నమోదు చేసిన శబ్దముద్రణ మూడవది. దానికి హక్కుదారు నిర్మాత, అంటే ఆ రికార్డింగు జరగడానికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ వ్యక్తి మీరే. అయితే ఖర్చంతా నేనే పెట్టుకున్నాను కదా, పాట మొత్తం నాదేనని అనుకోవడానికి వీల్లేదు. రికార్డింగు మీది, ఆ నాలుగు పాటల మాటలు మీ మిత్రుడివి.

మొహమాటం పక్కన పెట్టి కాగితం ఎందుకు రాసుకోవాలో 19వ సెక్షన్ చూస్తే తెలుస్తుంది. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఆ కాగితంలో గడువు రాయకపోతే అయిదేళ్ళేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. లైసెన్సుకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. పాటను స్ట్రీమింగ్ వేదికలకు చేరవేసే పంపిణీదారు దగ్గర మీరేమో ప్రపంచమంతటికీ హక్కులు నా దగ్గర ఉన్నాయని టిక్కు పెడతారు. ‘ఈ పాట నీకిచ్చాను’ అని మీ మిత్రుడు వాట్సాప్‌లో పంపిన ఒక్క వాక్యంతో ఆ టిక్కును సమర్థించుకోవడం కష్టం. కాబట్టి గడువు, ప్రాంతం, ఏయే మాధ్యమాలు, ఎంత వాటా అన్నవి నాలుగూ స్పష్టంగా రాయించుకోండి. ఇంకొక సంగతి: 2012 సవరణ తరువాత గీతరచయిత గాని, స్వరకర్త గాని తన రాయల్టీ వాటాను వదులుకుంటున్నట్టు రాసిచ్చినా అది చెల్లదు, వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఆ వాటాను ఎవరికీ ధారాదత్తం చేయలేరు. ఆయన ఉదారంగా ‘నాకేమీ వద్దు’ అన్నా ఆ మాటను ఒప్పందంలోకి ఎక్కించకండి.

వీణ విదుషి గారి విషయం నిజంగా ఆలోచించవలసినది. వాయించిన ప్రతివారికీ ప్రదర్శకుల హక్కు ఉంటుంది. అది 50 ఏళ్ళు నిలుస్తుంది. ప్రదర్శకులుగా తమ పేరు చెప్పించుకునే హక్కు 38-బి సెక్షన్ కింద దానికి అదనం. మృదంగం, ఘటం వాయించినవారి నుంచి అంగీకారపత్రం అరపేజీ చాలు. ఆమె మాత్రం మీరు రాసిచ్చిన స్వరాలు వాయించలేదు, పదహారు ఆవర్తాల సంగీతం కొత్తగా కల్పించారు. దాన్ని మీ బాణీలో విడదీయరాని భాగంగా చూసి ఇద్దరినీ ఉమ్మడి కర్తలనవచ్చు, విడిగా ఆమె రచన అనవచ్చు, స్వరకర్త సూచన మేరకు చేసిన ప్రదర్శన మాత్రమేననీ వాదించవచ్చు. ఇలాంటిది న్యాయస్థానం దాకా పోకుండా ఉండాలంటే ఆ పాటలో స్వరకల్పన వాటా ఆమెకు ఎంతో ముందే రాసుకోవడమే దారి. నా అభిప్రాయం అడిగితే, ఆ ఒక్క పాటకు ఆమె పేరు సహ స్వరకర్తగా వేయడం న్యాయం.

ఇక కీర్తనలు. అన్నమయ్య (1408–1503) మాటలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చిక్కంతా బాణీలతోనే వస్తుంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గాని స్వరలిపి లేదు. ఈనాడు మనం పాడుకుంటున్న వరుసలలో అధికభాగం రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటి వారు ఇరవయ్యవ శతాబ్దంలో కూర్చినవి. స్వరకర్త మరణించిన తరువాత మరో 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది కనుక, 1979లో కన్నుమూసిన రాళ్ళపల్లి వారి బాణీలకు 2039 చివరి దాకా, 2014లో కన్నుమూసిన నేదునూరి వారి బాణీలకు 2074 చివరి దాకా రక్షణ ఉన్నట్టే. ఆ హక్కు వారసులదా, కొలువులో ఉండగా చేసినది కనుక సంస్థదా అన్నది కీర్తన కీర్తనకూ విచారించుకోవాలి. మీ రెండు కీర్తనలు ఎవరి వరుసలో పాడారు? మీరే స్వరపరచి ఉంటే ఈ పేరాను వదిలేయండి, ఆ బాణీలు మీవి. క్షేత్రయ్య పదం గురుపరంపరలో వచ్చిన పాత వరుసే అయితే దానికీ ఇబ్బంది లేదు.

ఫేడర్ (కోరమంగల)

వకీలు గారు చట్టం చెప్పారు కాబట్టి నేను స్టూడియో వైపు సంగతులు చెబుతాను. రికార్డింగు, మిక్సింగ్ నా వృత్తి. ‘వస్తే చూద్దాం’ అన్న మాట మా రంగంలో తగాదాలకు పుట్టినిల్లు. దేనిలో వాటా? పంపిణీదారు పంపిన మొత్తంలోనా, లేక మీరు స్టూడియోకీ, ముఖచిత్రానికీ, ప్రచారానికీ పెట్టిన ఖర్చు రాబట్టుకున్నాక మిగిలినదానిలోనా? పాటను రేపు ఎవరైనా ప్రకటనకు అడిగితే అందులో కూడానా? మిత్రుడు డబ్బు వద్దంటున్నాడంటే ఉచితంగా చేస్తున్నాడని అర్థం కాకపోవచ్చు. మార్కెట్ ధరకన్నా తక్కువైనా సరే, ఒక మొత్తం మాట్లాడుకుని చెల్లించి రశీదు తీసుకోండి. లేదా రికార్డింగు ఆదాయంలో ఇంత శాతం, ఖర్చులు పోను, అని రాయండి. మిక్స్ ముగిసిన రోజునే చివరి ఫైళ్ళతో పాటు ఒక్కొక్క వాద్యం విడిగా ఉన్న స్టెమ్స్ కూడా 24 బిట్ వేవ్ ధ్వని ఫైళ్ళుగా మీ దగ్గర పెట్టుకోండి. రెండేళ్ళ తరువాత గాత్రం లేని రూపం కావలసి వచ్చినప్పుడు, అతను ఊరు మారి, కంప్యూటరు మార్చి ఉంటే మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండవది పేర్లు నింపే విషయం. పంపిణీదారు ఫారంలో ప్రధాన కళాకారుల గడిలో మర్యాదకని అందరి పేర్లూ వేస్తుంటారు. అలా వేస్తే పాట ఒక్కొక్కరి కళాకారుల పేజీలోనూ చేరుతుంది. వారికి పేజీ లేకపోతే, లేదా ఫలానా పేజీ అని మీరు గుర్తించి చూపకపోతే, అదే పేరున్న మరెవరి పేజీలోకో వెళ్ళి కూర్చుంటుంది. మన పేర్లలో లక్ష్మి, శ్రీనివాస్ లాంటివి ఎన్ని ఉన్నాయో చెప్పనక్కర్లేదు. వీణ విదుషి గారిని సహకళాకారిణిగా చూపండి, ఆమె స్పాటిఫై పేజీ లంకెను స్వయంగా అడిగి తీసుకోండి; మృదంగం, ఘటం పేర్లు వాద్యకారుల జాబితాలో వేయండి. గీతరచయిత పేరు ఏడు చోట్ల ఏడు రకాల వర్ణక్రమంతో కాకుండా ఒకే విధంగా ఉండాలి, ఎందుకంటే గీతరచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలు వసూలు చేసి ఇచ్చే సంఘమైన ఐపీఆర్ఎస్‌లో ఆయన చేరినప్పుడు పాటలు ఆ పేరుకే జతపడాలి.

ముందుగా ఒకటి రెండు పాటలు విడిగా వదిలి తరువాత ఆల్బమ్‌లో చేర్చే ఆలోచన ఉంటే, ఆ పాటలకు మొదట వచ్చిన, ఒక్కో రికార్డింగును గుర్తించే ఐఎస్ఆర్‌సీ సంకేతాన్నే మళ్ళీ వాడండి. పన్నెండు అక్షరాల ఆ సంకేతం మారితే వేదిక దాన్ని వేరే రికార్డింగుగా లెక్కిస్తుంది, వినికిడి సంఖ్య సున్నా నుంచి మొదలవుతుంది.

తంబూరా శ్రుతి కోసం ఏదైనా లూప్ ప్యాకు (తిప్పి తిప్పి వాడుకునే సిద్ధ శబ్దాల కట్ట) వాడారా? అందరికీ అమ్మే లూపులు వాడిన పాటను, వీడియోలలోని పాటలను గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో నమోదు చేయకూడదు. చేస్తే అదే తంబూరా వాడిన మరో నలుగురి వీడియోల మీద ఆ శబ్దం మీదేనంటూ మీ పేరుతో క్లెయిమ్ పడుతుంది.

జయనగర్ జావళి

పైవారిద్దరితోనూ చాలావరకు ఏకీభవిస్తాను గాని, ఈ శాతాల వ్యామోహం గురించి ఒక మాట చెప్పాలి. 2024 నుంచి స్పాటిఫైలో గడచిన 12 నెలల్లో 1,000 సార్లయినా వినబడని పాటకు రికార్డింగు రాయల్టీ లెక్కకే రాదు. సినిమాతో ముడిపడని తెలుగు పాటకు ఆ గీత దాటడమే గగనం, దాటినా చేతికి వచ్చేది స్వల్పం. అందులో ఘటానికి రెండు శాతం, మిక్సింగుకు పది శాతం అని పంచుకుంటూ పోతే, పెళ్ళిభోజనంలో మిగిలిన అప్పడాన్ని బంధువులందరికీ విరిచి పెట్టినట్టు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ లెక్కలు రాసే శ్రమ ఎవరిది? వాద్యకారులకు గౌరవప్రదమైన పారితోషికం రికార్డింగు రోజునే చేతిలో పెట్టండి, పేరు పెద్దక్షరాలతో వేయండి, కచేరీ దొరికినప్పుడు వాళ్ళనే పిలవండి. స్వతంత్ర సంగీతకారుడికి డబ్బు తిరిగి వచ్చేది ఎక్కువగా వేదిక మీదనే గాని ఫోనులో కాదు. శాతాలను సాహిత్యకర్తకు, మీకు, ఆ ఒక్క పాటలో విదుషి గారికి పరిమితం చేయడం మంచిది.

కచేరీల మాట వచ్చింది కనుక చెబుతున్నాను, మీరూ మీ మిత్రుడూ ఐపీఆర్ఎస్ సభ్యులైతే, నిర్వాహకులు లైసెన్సు తీసుకున్న సభలో మీ పాటలు పాడినప్పుడు ఆ జాబితాను సంఘానికి పంపడం మరచిపోవద్దు. చాలామంది సభ్యత్వం తీసుకుని అక్కడితో ఆగిపోతారు.

మంద్రస్థాయి

అందరికీ ధన్యవాదాలు. వకీలు గారూ, కీర్తనలలో ఒకటి నేనే స్వరపరచినది. రెండవది చిన్నప్పటి నుంచి రేడియోలో విన్న వరుస, అది నేదునూరి వారిదని ఇప్పుడు విచారిస్తే తెలిసింది. అనుమతి సంగతి తేలేవరకు దాన్ని పక్కన పెట్టి ఆల్బమ్‌ను ఆరు పాటలతోనే విడుదల చేస్తాను. జావళి గారి సూచన ప్రకారం శాతాలు ముగ్గురికే ఉంటాయి. మిక్సింగ్ మిత్రుడికి ఒక మొత్తం ఇస్తానన్నాను, అలిగాడు గాని ఒప్పుకున్నాడు. స్ట్రీమింగుతో పాటు, శ్రోతలకు పాటలు నేరుగా అమ్ముకునే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో కూడా అమ్మకానికి పెట్టాలని ఉంది. దానిలో ఏమైనా చిక్కులున్నాయా?

వ్యాలికావల్ వకీలు

తేలేవరకు ఆపడం మంచి నిర్ణయం. పాత పాటలను మళ్ళీ పాడుకోవడానికి 31-సి సెక్షన్ కింద హక్కుదారు ఒప్పుకోలుతో పనిలేకుండా చట్టమే ఇచ్చే లైసెన్సు ఉంది గాని, దానికి ఏడాదికి కనీసం 50 వేల ప్రతుల లెక్కన రాయల్టీ ముందుగా చెల్లించాలి. అది మీ స్థాయి ఆల్బమ్‌కు గిట్టుబాటయ్యేది కాదు. హక్కుదారుకు నేరుగా ఉత్తరం రాయడమే నయం.

ఫేడర్ (కోరమంగల)

బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకాలపై 15 శాతం తీసుకుని, చెల్లింపు రుసుములు పోను మిగిలినది మీకిస్తుంది. అమెరికాలోని తెలుగువారు కొనుక్కోవడానికి అది బాగానే పనికివస్తుంది. అయితే అక్కడ డబ్బు పేపాల్ ద్వారా చేతులు మారుతుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి పేపాల్ మన దేశంలో దేశీయ చెల్లింపులు నిలిపివేసింది కనుక, బెంగళూరులో ఉన్న శ్రోత బెంగళూరులో ఉన్న మీకు ఆ దారిన చెల్లించలేడు. ఇక్కడివారి కోసం వేరే ఏర్పాటు ఉండాలి. తెలుగు విజ్ఞాన సమితి వారి కృష్ణదేవరాయ కళామందిరం లాంటి చోట కార్యక్రమం పెట్టుకుంటే, బయట బల్ల మీద యూపీఐ కోడ్ ఉంచి, పాటలు దింపుకునే లంకె ముద్రించిన చిన్న పుస్తకం అమ్మవచ్చు. ఆ పుస్తకంలో పాటల పాఠం కూడా వేయదలిస్తే, సాహిత్యాన్ని అచ్చు వేయడానికి, స్ట్రీమింగ్ వేదికల తెరమీద చూపడానికి అనుమతి ఉన్నట్టు మీ మిత్రుడితో రాసుకునే కాగితంలోనే ఒక వాక్యం చేర్పించండి.