అప్‌డేట్: మాస్ఫెట్లు కాలడం ఆగింది, మోటార్ తిరుగుతోంది

పోయిన నెల అడిగాను కదా, విడవలూరులో మా రొయ్యల చెరువుకు మేత చల్లే మిషన్ కోసం నేనే చేసిన బ్రష్‌లెస్ మోటార్ కంట్రోలర్ బోర్డులో స్పీడు పెంచగానే మాస్ఫెట్లు (మోటార్‌కు కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే స్విచ్‌లు) కాలిపోతున్నాయని. డెడ్ టైమ్ (జతలో ఒక మాస్ఫెట్ ఆఫ్ అయ్యాక రెండోది ఆన్ అయ్యేలోపు ఇచ్చే చిన్న విరామం) పెంచమన్నారు కొందరు. వోల్టేజీని నిలకడగా ఉంచే కెపాసిటర్ మాస్ఫెట్లకు దూరంగా ఉందన్నారు ఒక అన్న. ఆయన మాటే నిజమైంది.

స్కోప్ (వోల్టేజీ మార్పులను గీతగా చూపే పరికరం) పెట్టి చూస్తే బ్యాటరీ 24 వోల్టులే, కానీ స్విచ్ అయిన ప్రతిసారీ మాస్ఫెట్ దగ్గర 40 దాటి ఎగురుతోంది. నేను వేసినవేమో 40 వోల్టుల వరకే తట్టుకునేవి! కెపాసిటర్‌ను బోర్డు అంచున, 6 సెంటీమీటర్ల దూరంలో పెట్టాను. ఆ పొడవాటి ట్రాక్ (బోర్డు మీది రాగి దారి) ఇండక్టెన్సే, అంటే కరెంటు ఒక్కసారిగా మారితే వోల్టేజీని ఎగదోసే గుణమే, కొంప ముంచింది. కొత్త బోర్డులో తక్కువ ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్, దానికి తోడు సిరామిక్ కెపాసిటర్లు మాస్ఫెట్ల కాళ్లను ఆనుకుని పెట్టాను. మాస్ఫెట్లు 60 వోల్టులవి వేసి, అవి మరీ వేగంగా స్విచ్ అవకుండా గేటు రెసిస్టర్ 4.7 నుంచి 15 ఓమ్‌లకు మార్చాను. డెడ్ టైమ్ ముట్టుకోలేదు.

నిన్న చెరువు గట్టు మీద రెండు గంటలు నడిపాం. ఆపి వేలు పెడితే మాస్ఫెట్లు గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. నాన్న మేత ఎంత దూరం పడుతోందో అడుగులేసి కొలిచారు. ఉప్పుగాలి కదా, కన్‌ఫార్మల్ కోటింగ్ (బోర్డును తేమ నుంచి కాపాడే పలుచటి పూత) కొట్టాకే రోజూ వాడతాం. అన్నా, చాలా థాంక్స్.