సబ్‌వూఫర్ ఉన్నట్టుండి మూగబోతోంది: లోపం ఎక్కడ?

బ్రాడీపేట శ్రోత, గుంటూరు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఏవీ రిసీవర్ (పాటలు, సినిమాల శబ్దాన్ని స్పీకర్లకు పంచే పెట్టె), ఐదు స్పీకర్లు, పది అంగుళాల సబ్‌వూఫర్ ఉన్నాయి. సబ్‌వూఫర్ అంటే కింది స్వరాలు మాత్రమే పలికే స్పీకరు పెట్టె; దీనికి ఆంప్లిఫయర్ లోపలే ఉంది. ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టలేదు కానీ, పోయిన వేసవి నుంచి దాని మీద నమ్మకం పోయింది. రాత్రి అమ్మ పడుకున్నాక శబ్దం తగ్గించి కచేరీ వింటుంటే మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం ఒక్కసారిగా మాయమవుతుంది. పగలు సినిమా పెడితే బాగానే మొదలై మధ్యలో ఆగిపోతుంది, మళ్లీ దానంతట అదే వస్తుంది. కరెంటు పోయి వచ్చిందంటే చాలాసేపు అసలు పలకదు.

కేబుల్ మార్చాను, తేడా లేదు. సర్వీసు సెంటరు వారు బోర్డు మొత్తం పోయిందని, అది ఇప్పుడు దొరకదని, కొత్తది కొనుక్కోమని చెప్పారు. పెట్టె దిట్టమైన చెక్క, కోన్ చుట్టూ రబ్బరు కూడా చెక్కుచెదరలేదు. పారేయడానికి మనసొప్పడం లేదు. లోపం రిసీవర్‌లో ఉందో సబ్‌వూఫర్‌లో ఉందో ఎలా తేల్చుకోవాలి?

పటమట బేస్, విజయవాడ

రిసీవర్ మెనూ ఒకసారి చూడండి. ముందు స్పీకర్లు ‘లార్జ్’ అని ఉంటే రెండు చానెళ్ల పాటల్లోని కింది స్వరాలు వాటికే పోతాయి, సబ్‌వూఫర్‌కు ఏమీ అందదు. సినిమాల్లో మాత్రం దాని కోసం వేరే చానెల్ ఉంటుంది కాబట్టి మోగుతుంది. ‘స్మాల్’ చేసి క్రాసోవర్, అంటే ఎక్కడి నుంచి కింది స్వరాలు సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దు, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి.

బ్రాడీపేట శ్రోత

అవి మొదటి నుంచీ ‘స్మాల్’, 80లోనే ఉన్నాయండీ.

మొగల్రాజపురం మాస్టారు, విజయవాడ

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరయ్యాను. బాగుచేయగల వస్తువును పారేయమనడం నాకు మింగుడుపడదు. పెట్టె విప్పకముందే రెండు సంగతులు తెలుసుకోవాలి. శబ్దం ఆగిన క్షణంలో వెనక లైటు ఏ రంగులో ఉంది? రెండోది, రిసీవర్‌ను పక్కన పెట్టి, ఫోనుకు ఆడియో కేబుల్ తగిలించి నేరుగా సబ్‌వూఫర్‌కు ఇవ్వండి. 50 హెర్ట్జ్ స్వరం వినిపించే ఉచిత యాప్‌లు ఉన్నాయి. అది మోగుతుండగా వెనక రేకును స్క్రూడ్రైవర్ పిడితో, కేబుల్ గుచ్చే సాకెట్ చుట్టుపక్కల, మెల్లగా తట్టి చూడండి.

బ్రాడీపేట శ్రోత

చూశాను మాస్టారూ. రాత్రి ఆగినప్పుడు లైటు ఎర్రగా మారుతోంది. పగలు ఆగినప్పుడు మాత్రం పచ్చగానే ఉంటోంది. ఫోనుతో పెట్టినా ఆగింది. సాకెట్ పక్కన తట్టగానే మళ్లీ పలికింది!

మొగల్రాజపురం మాస్టారు

అయితే రిసీవర్ నిర్దోషి. మీ దగ్గర కలగలిసి ఉన్నవి వేర్వేరు జబ్బులు. అన్నిటికీ ఒకే మందు వేయాలని చూస్తే ‘బోర్డు పోయింది’ అన్న మాటే వస్తుంది.

రాత్రిది జబ్బు కూడా కాదు. లైటు ఎర్రబడుతోందంటే, వచ్చే సిగ్నల్ మరీ సన్నగా ఉందని సబ్‌వూఫర్ నిద్రలోకి జారుకుంటోంది. ‘ఆటో’ స్విచ్‌ను ‘ఆన్’కు మార్చితే సరి. ‘ఆటో’లోనే ఉంచాలనుకుంటే సబ్‌వూఫర్ మీద శబ్దం పెంచే, తగ్గించే గెయిన్ నాబ్ కొంత తగ్గించి, రిసీవర్ మెనూలో సబ్‌వూఫర్ లెవెల్ అంతే పెంచండి. చాలా వాటిలో నిద్రలేపే సర్క్యూట్ నాబ్ కంటే ముందే ఉంటుంది, దానికి గట్టి సిగ్నల్ అందుతుంది. మీ చెవికి వినిపించే శబ్దం మాత్రం మారదు.

పగటిది అసలు లోపం. సబ్‌వూఫర్‌లో బోర్డు బతికేదే అదురులో. కేబుల్ సాకెట్లను చాలా కంపెనీలు నేరుగా బోర్డుకే సోల్డర్ చేస్తాయి. కేబుల్ బరువు, లోపలి అదురు కలిసి సాకెట్ కాలు చుట్టూ సోల్డర్‌ను పగలగొడతాయి. భూతద్దంతో చూస్తే కాలు చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లని వలయం కనిపిస్తుంది. పాత సోల్డర్ తీసేసి కొత్తది పోస్తే చాలు. పాత దాని మీదే ఇంకాస్త అద్దితే కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది.

కరెంటు పోయి వచ్చాక పలకకపోవడానికి నా అనుమానం కెపాసిటర్ల (విద్యుత్తును కాసేపు నిలవచేసే భాగాలు) మీద. ముసలిబడ్డ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ చల్లారాక సరిగ్గా పనిచేయదు, వేడెక్కితే కాస్త తేరుకుంటుంది. చిన్న సర్క్యూట్లకు ప్లస్, మైనస్ 15 వోల్టులు ఇచ్చేచోట సాధారణంగా లావుపాటి రెసిస్టర్లు, వోల్టేజిని స్థిరంగా ఉంచే జీనర్ డయోడ్లు ఉంటాయి. అక్కడ బోర్డు గోధుమరంగుకు మాడి ఉంటే, దాని పక్కనున్న కెపాసిటర్లే ముందు పోతాయి. పది డిగ్రీల వేడి పెరిగితే వాటి ఆయువు దాదాపు సగమవుతుంది. మే నెలలో బయటే 40 డిగ్రీలు దాటే ఊళ్లు మనవి. ఆ పైన గాలి ఆడని పెట్టె! కాబట్టి 85 డిగ్రీల వేడి వరకే తట్టుకునే రకం వద్దు, 105 డిగ్రీల రకమే వేయించండి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే లేదా కాస్త ఎక్కువ ఉండవచ్చు. గుంటూరులో దొరక్కపోతే విజయవాడ గవర్నరుపేట దుకాణాల్లో అడగండి.

ఇంకొకటి. కెపాసిటర్లు కదలకుండా ఫ్యాక్టరీలో పోసే పసుపు జిగురు ముదురు గోధుమరంగుకు తిరిగి ఉంటే పూర్తిగా గీకించండి. అలాంటి జిగురు కొన్నాళ్లకు కరెంటును పారనిస్తుంది, పక్క భాగాల కాళ్లను తినేస్తుంది.

ఈ పని మాత్రం మీరు చేయకండి, దయచేసి. స్విచ్ మోడ్ సప్లయి (ఇంటి కరెంటును నేరుగా డీసీగా మార్చుకునే రకం) ఉంటే ప్లగ్ తీశాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. పాత టీవీలు బాగుచేసిన చేయి ఎవరిదైనా చూసుకుని, దగ్గరుండి చేయించండి.

పటమట బేస్

మళ్లీ బిగించేటప్పుడు వెనక రేకు చుట్టూ ఉండే స్పాంజి పట్టీ సరిగ్గా కూర్చునేలా చూడండి. సందు ఉంటే బేస్ వచ్చినప్పుడల్లా గాలి బుసకొడుతుంది.

బ్రాడీపేట శ్రోత

అరండల్‌పేటలో ఒక పాత టీవీ మెకానిక్ గారు చేసిపెట్టారు. సాకెట్ కాలు చుట్టూ మీరు చెప్పిన వలయం భూతద్దంలో నాకూ చూపించారు. రెసిస్టర్ల పక్కన రెండు కెపాసిటర్ల నెత్తులు ఉబ్బి ఉన్నాయి, అవీ మార్చారు. ఇప్పుడు కరెంటు రాగానే పలుకుతోంది, తట్టినా ఆగడం లేదు. నాబ్ తగ్గించి రిసీవర్‌లో పెంచాక రాత్రి కచేరీలో తొప్పి చివరిదాకా వినిపించింది. మీ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదు మాస్టారూ. ఒక్క సందేహం: వాడనప్పుడు ‘ఆటో’లో వదిలేయవచ్చా?

మొగల్రాజపురం మాస్టారు

చాలా సంతోషం. రాత్రికి మాత్రం గోడ స్విచ్ దగ్గరే ఆపేయండి. లైటు ఎర్రగా ఉన్నప్పుడు కూడా ఆ రెసిస్టర్లు వేడిగానే ఉండవచ్చు, కొత్త కెపాసిటర్లు వాటి పక్కనే ఉన్నాయి. ఆపేటప్పుడు ముందు సబ్‌వూఫర్, తర్వాత రిసీవర్. వేసేటప్పుడు ముందు రిసీవర్. అప్పుడు ‘ఢబ్’మన్న దెబ్బ కోన్‌కు తగలదు.